ఉంటున్నారు

ఐదో సంచి జిప్పు సగం దాకా వచ్చి మొరాయించింది. అరమిల్లీ అని అందరూ పిలిచే అతను సంచి మీద మోకాలు ఆనించి, జిప్పు పళ్ళ మధ్య ఇరుక్కున్న తువ్వాలు అంచును గోటితో ఇవతలికి తీసి, మళ్ళీ లాగాడు. ఈసారి జిప్పు కదలలేదు సరికదా, పట్టుకు లాగే నాలుక ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని ఒక్క క్షణం చూసి జేబులో వేసుకున్నాడు. విసిరికొట్టాలనే అనిపించింది గానీ, విసిరికొడితే మళ్ళీ మంచం కింద దూరి వెతుక్కోవలసింది తనే.

"మెల్లిగా అల్లుడూ, అది సంచి, శత్రువు కాదు" అన్నాడు మావగారు, మంచం అంచున కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"పదకొండుకల్లా గది ఖాళీ చెయ్యాలి మావయ్యా. నేను తొమ్మిదికి పనిలో ఉండాలి. మీరు ఆ గుండీలు ఆరున్నరకి మొదలుపెట్టారు."

"గుండీ అన్నాక దాని దారిన అది వెళ్ళాలయ్యా. తోస్తే వెళ్తుందా?"

ఆ ముసలాయన తీరే అంత. నలభై ఏళ్ళు రోడ్డు రోలరు నడిపినవాడు. గంటకు మూడు మైళ్ళు పోయే బండి మీద కూర్చుని కూర్చుని మనిషి కూడా ఆ వేగానికే స్థిరపడిపోయాడు. నడకా అంతే, తిండీ అంతే, మాటా అంతే. కోపం కూడా అంతే. అది బయలుదేరి వచ్చి చేరేసరికి ఎదుటివాడు పని చూసుకుని వెళ్ళిపోయి ఉండేవాడు. అల్లుడు అందుకు పూర్తిగా వేరు. కళ్ళద్దాల తయారీశాలలో గాజులు అరగదీసే పని అతనిది. చట్రంలో గాజు అర మిల్లీమీటరు వదులైతే ఊడిపోతుంది, అర మిల్లీమీటరు బిగువైతే పగిలిపోతుంది. "అర మిల్లీ చాలు కొంప మునగడానికి" అని తోటివాళ్ళను పాతికేళ్ళుగా సతాయిస్తూ వచ్చాడు కాబట్టి, వాళ్ళు అతనికి ఆ పేరే పెట్టేశారు. పనిలో చేరిన కొత్తవాళ్ళకు అతని అసలు పేరు తెలియను కూడా తెలియదు.

ఇద్దరూ ఉండేది ఊరి చివర, పెద్ద రోడ్డు పక్కన ఉన్న మూడంతస్తుల హోటల్లో. ఒకపూట దిగి పోయేవాళ్ళ కోసం కట్టింది కాదు అది. వారాలూ నెలలూ ఉండేవాళ్ళ కోసం కట్టింది. బోర్డు మీద 'ఇల్లు మరిపించే బస' అని ఉంటుంది. ఇల్లు ఎలా ఉండేదో మరిచిపోతారన్న మాట మాత్రం నిజమే. గదిలో రెండు మంచాలు, ఒక మూల చిన్న వంటగట్టు, దాని మీద రెండు పొయ్యిలు. రెంట్లో ఒకటి కాగుతుంది, రెండోది ఎర్రదీపం వెలిగించుకుని కాగుతున్నట్టు నటిస్తుంది. పడిశం పట్టినట్టు రాత్రీ పగలూ మూలిగే ఫ్రిజ్జు. నాలుగు వేళ్ళ మందం తెరుచుకుని ఆగిపోయే కిటికీ. నూనె కాగితే చాలు, పైకప్పుకున్న పొగగంట కొంపలంటుకున్నట్టు అరుస్తుంది. అందుకని వంట మొదలెట్టే ముందు మావగారు కుర్చీ ఎక్కి, స్నానానికి ఇచ్చే ప్లాస్టిక్ టోపీని దాని తలకు తొడిగేవాడు. దీపం బల్లకు మరలతో బిగించి ఉంటుంది, బొమ్మపటం గోడకు బిగించి ఉంటుంది. ఆ పటంలో ఒక పడవ. ఏ గదికి పోయినా అదే పడవ. ఎవర్నీ నమ్మని గది అది.

అన్ని గదులు వాళ్ళకెలా తెలుసంటే, పదకొండు నెలల్లో పదకొండు గదులు మారారు కాబట్టి. అక్కడి రూలు అటువంటిది. ఒక మనిషి ముప్పై రోజులు వరుసగా ఉంటే అతిథి కాడట, అద్దెకున్నవాడైపోతాడట. అద్దెకున్నవాడైతే అతనికి ఏవో హక్కులు వస్తాయట. ఆ హక్కులు రాకుండా హోటలువాళ్ళు ఇరవై తొమ్మిదో రోజు పొద్దున పదకొండుకు గది ఖాళీ చేయించి, మధ్యాహ్నం మూడుకు ఇంకో గదిలో దింపేవాళ్ళు. కంప్యూటరులో లెక్క మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలయ్యేది. గదులన్నీ ఒక్కలాగే ఉంటాయి, కాకపోతే కొన్నిటికి స్నానాల గది కుడివైపు, కొన్నిటికి ఎడమవైపు. మారిన ప్రతిసారీ నాలుగు రోజులపాటు అరమిల్లీ తెల్లవారుజామున లేచి గోడకు గుద్దుకునేవాడు.

మావగారు ఈ రోజుకు 'ఊడదీత' అని పేరు పెట్టాడు. రోడ్డు పనుల రోజుల్లో ఒకచోట పని ముగియగానే గుడారాలు పీకి బండికెక్కించే రోజును అలా అనేవాళ్ళట. "ఇవాళ ఊడదీత కదూ" అని ఉత్సాహంగానే లేచేవాడు ఎప్పుడూ. ఇవాళ మాత్రం ఆ మాట అనలేదు. అరమిల్లీ అది గమనించలేదు, జిప్పుతో కుస్తీలో ఉన్నాడు.

నిజానికి వీళ్ళిద్దరినీ కలిపింది ఒక ఆడమనిషి. ముసలాయనకు ఒక్కగానొక్క కూతురు, ఇతనికి భార్య. నాలుగేళ్ళ క్రితం మూత్రపిండాలు పాడై చనిపోయింది. పిల్లలు లేరు. అప్పుడు పదిరోజులుందామని చిన్న గుడ్డసంచితో వచ్చాడు మావగారు. పదకొండో రోజు పొద్దున ఆయన బూట్లు తుడుచుకుంటుంటే, "ఇప్పుడెక్కడికి లెండి" అన్నాడు అల్లుడు. "అయితే సరే" అన్నాడాయన. ఆ రెండు ముక్కలే వాళ్ళ మధ్య జరిగిన ఒప్పందం. ఆ తర్వాత వంట ఆయనది, అంట్లు ఇతనివి. మూడేళ్ళు అద్దె ఇంట్లో బాగానే నడిచింది. రోడ్డు వెడల్పు చేస్తామని ఆ ఇల్లు కూలగొట్టారు. ఇల్లు పోతోందని ఇతను తల పట్టుకుంటే, మావగారు వీధిలో నిలబడి కొత్త రోలరు నడిపేవాడికి ఎలా తిప్పాలో చెబుతున్నాడు.

కొత్త ఇల్లు దొరికేదాకా రెండు వారాలు ఉందామని హోటలుకు వచ్చారు. తిరగని వీధి లేదు. కాళ్ళరిగాయి. "ఇంట్లో ఆడవాళ్ళెవరూ లేరా?" అని ఒకరు, "పెద్దాయనకేమైనా అయితే మాకు ఇబ్బంది" అని ఒకరు. అన్నిటికంటే ఎక్కువమంది అడిగింది, "ఇప్పుడెక్కడుంటున్నారు?" హోటల్లో అనగానే అవతలి మొహం మారిపోయేది. ఇల్లు లేనివాడికి ఇల్లివ్వడానికి భయం, ఇల్లున్నవాడికి ఇల్లు అవసరం లేదు. ఇక ఎవరికి ఇస్తారో అర్థమయ్యేది కాదు అతనికి.

చివరికి రెండు వారాల కిందట ఒకావిడ దొరికింది. ఇక్కడికి బస్సులో ఆరు స్టాపులు. రెండు గదులు, వంటగది, వెనకాల బట్టలారేసుకునే తీగ. బడి ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, ఒక్కతే పై భాగంలో ఉంటుంది. వీళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, "ఆడదిక్కు లేకపోతే ఏం, వంట వచ్చుగా" అంది. మావగారు వంటగది కిటికీ రెక్కలు పూర్తిగా బయటికి తోసి, తల బయటపెట్టి, కాసేపు అలాగే నిలబడ్డాడు. ఒక్కటే అడిగిందావిడ. ఇప్పుడున్న చోటు నుంచి ఒక కాగితం తెమ్మంది. పాత అద్దెదారు ఒకడు దొంగ చిరునామా ఇచ్చి ముంచాడట. ఇవాళ సాయంత్రం ఐదు దాకా ఆగుతానంది. ఐదుకు ఇంకొకరు వచ్చి ఖాయం చేసుకుంటామన్నారట.

ఎనిమిదికి సంచులన్నీ చక్రాల బండి మీద పేర్చి, మావగారిని కింద హాల్లో సోఫాలో కూర్చోబెట్టి, అరమిల్లీ కౌంటరు దగ్గరికి వెళ్ళాడు. కౌంటరమ్మాయి ముందే అచ్చు తీసి పెట్టింది. మంచి పిల్ల. కానీ కాగితం ఆ పిల్ల రాసేది కాదు, కంప్యూటరు రాసేది.

అతను నిలబడే చదివాడు. తేదీ నుంచి తేదీ వరకు, మళ్ళీ తేదీ నుంచి తేదీ వరకు, అలా పదకొండు వరసలు. అడుగున, 'పై తేదీలలో మా హోటల్లో అతిథిగా ఉన్నారు' అని, ముద్ర.

"చాలా థాంక్సమ్మా" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. 

తయారీశాలలో పొద్దున్నంతా చేతులు పనిచేశాయి గానీ మనసు గడియారం మీదే ఉంది. గాజుబిళ్ళ మీద సిరాతో మధ్యబిందువు గుర్తుపెట్టడం, బిగించడం, తిరిగే రాయికి ఆనించడం. నీళ్ళు కారుతూ ఉంటాయి, గాజుపొడి తెల్లటి గంజిలా మణికట్టు దాకా పాకుతుంది. అంచుకు వాలు తీసి, చట్రంలో ఉంచి, బొటనవేలితో నొక్కాలి. టక్కుమని ఒక్క చప్పుడు రావాలి. రెండు చప్పుళ్ళు వచ్చాయంటే తప్పినట్టే. ఇవాళ మూడు గాజులకు రెండేసి చప్పుళ్ళు వచ్చాయి.

"ఏం అరమిల్లీ, ఇవాళ ఫుల్ మిల్లీ పోతోందే!" అన్నాడు పక్క బల్లవాడు.

"నోర్ముయ్" అన్నాడు ఇతను. అతనలా అనే మనిషి కాదు. పక్క బల్లవాడు నిజంగానే నోరు మూసుకున్నాడు.

భోజనాల బెల్లు కొట్టగానే బస్సెక్కి ఇంటావిడ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, కాగితం దూరంగా పట్టుకుని చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

"పదకొండుసార్లు వచ్చి పదకొండుసార్లు వెళ్ళిపోయారేం?"

"వెళ్ళలేదండీ. సంచులు కిందికి దింపి, మళ్ళీ పైకి ఎక్కించామంతే." రూలంతా చెప్పాడు. చెబుతుంటే తనకే అబద్ధంలా వినిపించింది.

"మీరు చెప్పేది బాగానే ఉంది. మరి కాగితం అలా చెప్పట్లేదే" అందావిడ. "చూడండి బాబూ, ముప్పయ్యేళ్ళు పిల్లలకు సర్టిఫికెట్లు రాశాను నేను. 'చదువుతున్నాడు' అని రాస్తే వాడికి బస్సు పాసు వచ్చేది. 'చదివాడు' అని రాస్తే బడి వదిలేసి పోయాడని. ఒక్క అక్షరం చాలు. ఇక్కడ 'ఉన్నారు' అని రాశారు. ఎప్పుడో ఉన్నారు, పోయారు. ఇప్పుడెక్కడున్నారో వాళ్ళకేం తెలుసు? 'ఉంటున్నారు' అని రాయించుకురండి. అంతే, ఇంకేం వద్దు."

ఇంకెవరైనా అయితే, ఇదేం చాదస్తమమ్మా అని పోట్లాడేవారే. అరమిల్లీ పోట్లాడలేకపోయాడు. అక్షరం తేడా అంటే ఏమిటో తనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? కాగితం తీసుకుని మెట్లు దిగాడు. బస్సు అరగంట రాలేదు. వచ్చిన బస్సు ఆగలేదు.

పనికి సగంపూట సెలవని ఫోను చేసి, రెండున్నరకు హోటలు చేరాడు. మావగారు పొద్దున ఎక్కడ కూర్చున్నాడో అక్కడే ఉన్నాడు, ఒక చెయ్యి సంచుల బండి మీద వేసి. అరమిల్లీ ఆయన వైపు చూడకుండా కౌంటరుకు పోయి విషయం చెప్పాడు. కౌంటరమ్మాయి లోపలికి వెళ్ళి మేనేజరును తీసుకొచ్చింది. నున్నగా దువ్విన తల, ఇస్త్రీ చొక్కా, కళ్ళకింద నిద్రలేని చారలు.

"ఉంటున్నారు అని రాయడం కుదరదు సార్. అది పై నుంచి వచ్చిన ఫార్మాట్."

"నేను ఉండట్లేదా ఇక్కడ?"

"ఉన్నారు సార్."

"ఉన్నానా, ఉంటున్నానా?"

"సార్, మీరు మాకు అతిథులు. అతిథులు బస చేస్తారు, ఉండరు. నేను ఆ ముక్క రాసి సంతకం పెడితే నా ఉద్యోగం ఉండదు."

"మీ ముక్క కోసం నా ఇల్లు పోతోందయ్యా! ఐదు గంటలకు పోతోంది!" అతని గొంతు హాలంతా వినిపించింది. పైపులు పగిలి ఇల్లు నీటమునిగితే నెలరోజుల నుంచి ఇక్కడుంటున్న కుటుంబం ఒకటి, కాఫీ మిషను దగ్గర కప్పులు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

సోఫాలోంచి మావగారు అప్పుడు మాట్లాడాడు. "బాబూ, మేనేజరుబాబూ. పదకొండు నెలలున్న అతిథిని నువ్వెక్కడైనా చూశావా? అత్తారింట్లో కొత్తల్లుడు కూడా అన్నాళ్ళుండడే! ఇదిగో, మా అల్లుణ్ణే అడుగు. మూడో రోజుకే పారిపోయాడు, మా ఆవిడ వంట తట్టుకోలేక."

కాఫీ మిషను దగ్గరి ఆడమనిషి నవ్వేసింది. మేనేజరు పెదాలు కూడా కదిలాయి. "సారీ తాతగారూ" అన్నాడు, నిజంగానే బాధపడుతూ. బాధపడ్డాడు గానీ రాయలేదు. మూడు కాగానే కౌంటరమ్మాయి తలుపు తెరిచే కొత్త కార్డు ఇచ్చింది. నూట పద్దెనిమిది. కింది అంతస్తే, తాతగారికి మెట్లుండవని తానే చూసి పెట్టానంది.

గదిలో అదే పడవ. ఈసారి స్నానాల గది ఎడమవైపు. అరమిల్లీ సంచులు ఒక్కొక్కటిగా బండి మీంచి దింపి నేలకేసి కొట్టినట్టు పెట్టాడు. ఐదో సంచి జిప్పు లేని నోరు తెరిచి, లోపలి బట్టలు కార్పెట్టు మీదికి కక్కింది.

"కిటికీ దగ్గరి మంచం నువ్వు తీసుకో అల్లుడూ. నాకు ఇటువైపే..."

"ఏ మంచమైతే ఏంటి మావయ్యా!" అన్నాడతను వెనక్కి తిరగకుండా. "మీరు లేకపోతే నాకీ తిప్పలే లేవు. వర్క్‌షాపు మేడ మీద కుర్రాళ్ళతోపాటు ఓ మంచం వేసుకుని పడి ఉండేవాణ్ణి. అక్కడ కాగితం అడిగేవాడు లేడు, ఉన్నారో ఉంటున్నారో అనేవాడు లేడు."

ఫ్రిజ్జు ఒకటే మూలిగింది. మావగారు కిటికీ పక్కనున్న కుర్చీలో మెల్లిగా కూర్చున్నాడు. ఆయన జవాబు ఆయన వేగంతోనే వచ్చింది.

"నిజమే. నేనూ అదే అనుకుంటూంటా. నీకు చెప్పడం కష్టంగా ఉంటుందని నేనే ఎత్తలేదు."

అరమిల్లీ అప్పుడు వెనక్కి తిరిగాడు.

"వెళ్ళు" అన్నాడు ముసలాయన. "ఇంకా టైముంది. ఆవిడ దగ్గరికే వెళ్ళు. కాగితం గోల వదిలెయ్. మొహం ఎదురుగా ఉంటే కాదనడం అంత తేలిక కాదు ఎవరికైనా. రాత్రికేం తింటావ్?"

"ఏదో ఒకటి చెయ్యండి" అంటూనే బయటికి నడిచి తలుపు విసిరాడు. హోటలు తలుపు అది. ఎంత కోపంగా విసిరినా, పైనున్న స్ప్రింగు పట్టుకుని, మర్యాదగా, మెల్లిగానే మూస్తుంది. ఆ పాటి సంతోషం కూడా దక్కనివ్వదు.

ఇంటావిడ మెట్ల మీద కూర్చుని మోకాలికి ఏదో నూనె రాసుకుంటోంది. ఇతను ఉత్త చేతులతో రావడం చూసి చెయ్యి ఆపింది. అతను వాదించలేదు. "రాయనన్నారండీ. రాయరు. మీరొచ్చి చూడండి. మా సంచులు, మా గిన్నెలు, మా మావగారు, అన్నీ అక్కడే ఉన్నాయి. అంతకంటే నా దగ్గర సాక్ష్యం లేదు" అన్నాడు.

ఆవిడ అతని చొక్కా చేతుల మీద ఎండిన తెల్లటి గాజుపొడిని చూసింది. గడియారం చూసింది. "ఈ మోకాలుతో నన్ను బస్సెక్కిస్తారన్నమాట" అని గొణిగి, నూనెసీసా మూత పెట్టి, చెప్పులు తొడుక్కుంది. దారిలో ఫోను తీసి, ఐదుకు రావలసినవాళ్ళతో, "ఇవాళ కుదరదమ్మా, రేపు చెబుతా" అంది. అది విన్నాక అరమిల్లీకి పదకొండు నెలల తర్వాత మొదటిసారి వీపు సీటుకు ఆనింది. మావగారికి ఏం చెప్పాలో కూడా ఆ బస్సులోనే కుదుర్చుకున్నాడు. తప్పైపోయింది అనే మాట వాళ్ళిద్దరి మధ్యా ఎప్పుడూ లేదు. వంటగది కిటికీ కింద మీ కుర్చీ వేద్దాం అంటే చాలు, ఆయనకు అర్థమవుతుంది.

వాళ్ళు హోటలు చేరేసరికి ఐదుకు పది నిమిషాలుంది. కార్డు పెట్టి తలుపు తోశాడు. మావగారు కిటికీ పక్క కుర్చీలోనే ఉన్నాడు, తల కొంచెం పక్కకు వాల్చి. చెప్పులు విప్పి ఉన్నాయి. చెదిరి పడిన బట్టలన్నీ మడతపెట్టి మంచం మీద పేర్చి ఉన్నాయి.

"మావయ్యా, ఎవరొచ్చారో చూడండి."

ఇంటావిడ గుమ్మంలోంచే, "పడుకున్నట్టున్నారు, లేపకండి పాపం" అంది.

"మావయ్యా" అని రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలుస్తుండగా ఇంటావిడే ముందుకొచ్చి, కుంటుకుంటూ కుర్చీ దాకా వెళ్ళి, అరచేతి వెనకవైపు ఆయన ముక్కు కింద పెట్టింది. పెట్టి చాలాసేపు ఉంచింది. ఆ తర్వాత ఆ చేతినే అరమిల్లీ భుజం మీద వేసి, "నువ్వు కాసేపు కూర్చో నాయనా" అంది. అప్పటిదాకా మీరు అన్న మనిషి.

ఆ తర్వాత జరిగిందంతా ఎవరో చేశారు. కౌంటరమ్మాయి పరుగెత్తుకొచ్చింది. డాక్టరు వచ్చి చూసి, గుండె ఆగిపోయిందనీ, గంట అయి ఉంటుందనీ, నొప్పి తెలిసి ఉండదనీ చెప్పాడు. హోటలు గదిలో పోయారు కాబట్టి పోలీసాయన కూడా రావలసి వచ్చింది. పెద్దమనిషిలాగే ఉన్నాడు, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. వరండాలో గోడకు అట్ట ఆనించి కాగితం నింపుతున్నాడు. పేరు, వయసు, వృత్తి. వృత్తి దగ్గర అరమిల్లీ, "రోడ్డు రోలరు" అన్నాడు. పోలీసాయన అలాగే రాసుకున్నాడు.

"నివాసం?"

అరమిల్లీ నోరు తెరిచాడు. పాత ఇల్లు చెబుదామంటే అది రోడ్డైపోయింది. కొత్త ఇల్లు చెబుదామంటే అది ఇంకా తనది కాలేదు.

మేనేజరు పక్కనే ఉన్నాడు. పొద్దున్నించి ఉన్న ఇస్త్రీ చొక్కా నలిగిపోయి, చేతులు ముందుకు కట్టుకుని. ఎవరూ అతన్ని అడగలేదు.

"ఇక్కడేనండీ" అన్నాడు. "పదకొండు నెలల్నుంచి తాతగారు ఇక్కడే ఉంటున్నారు."

అన్నాక తానేమన్నాడో తెలిసినట్టు ఆగిపోయాడు. ఇంటావిడ కళ్ళజోడు పైనుంచి అతన్ని చూసింది. "అదే మాట రాయండి సార్" అంది పోలీసాయనతో. "మార్చకుండా."

పోలీసాయన రాశాడు. అరమిల్లీకి ఆ అట్ట తలకిందులుగా కనిపిస్తోంది. తలకిందులుగానైనా ఆ మాటను పోల్చుకున్నాడు. ఒక్కొక్క అక్షరమూ ఉంది, ఒక్కటీ తగ్గలేదు. మధ్యాహ్నం అరిచి మొత్తుకుంటే రాని మాట. ఏడుపు వస్తుందేమోనని గొంతులో చూసుకున్నాడు గానీ, అక్కడున్నది ఏడుపు కాదు. పట్టుకుని కొట్టడానికి ఒక మనిషంటూ లేని కోపం. మేనేజరు మొహంలోకి చూశాడు. ఆ కుర్రమేనేజరు కళ్ళలో నీళ్ళున్నాయి. దాంతో ఆ కోపానికి ఆ దిక్కు కూడా లేకుండా పోయింది.

వాళ్ళు మావగారిని పక్క తలుపు నుంచి తీసుకెళ్ళారు. చక్రాల మీద, మెల్లిగా, ఎక్కడా కుదుపు లేకుండా.

ఇంటావిడ వెళ్ళబోతూ ఆగింది. "తాళంచెవి రేపొచ్చి తీసుకో. ఏ కాగితమూ అక్కర్లేదు."

"ఇద్దరికని అడిగానండీ ఇల్లు" అన్నాడు అరమిల్లీ.

ఆవిడ "ఎప్పుడైనా సరే రా" అని, కుంటుకుంటూ హాలు దాటి బస్సు స్టాపు వైపు వెళ్ళింది.

కౌంటరమ్మాయి మెల్లిగా దగ్గరికొచ్చి, కార్డు ఒకటి చేతిలో పెట్టింది. ఈ గది ఇవాళ మూసెయ్యాలట, రూలు. రెండు వందల ఆరు ఖాళీగా ఉందట. సంచులు తాను పట్టుకొస్తానంది. అక్కర్లేదని తానే లోపలికి వెళ్ళాడు.

మడతపెట్టిన బట్టలు సంచిలో సర్దాడు. జిప్పు లేదు కాబట్టి నోటికి తాడు చుట్టాడు. ఒక్కొక్క సంచినీ బండి మీదికి చేర్చాడు. చివరిదాని కోసం వంగినప్పుడు కుర్చీకి అవతల, గోడ వారన, హోటలువాళ్ళు ఐసుముక్కలకని గదికొకటి పెట్టే చిన్న బకెట్టు కనిపించింది. కూరగాయలబండి దగ్గర ఎప్పుడు కొన్నాడో ఏమో, అందులో సగం దాకా ఒలిచిన బఠానీ గింజలున్నాయి. ఖాళీ తొక్కలు పక్కన కాగితం మీద ఒకదాని వెంట ఒకటి వరసగా పేర్చి ఉన్నాయి. గింజల మీద, బొటనవేలితో నిలువునా విప్పిన కాయ ఒకటి, ఇంకా ఒలవకుండా, లోపలి గింజలు లోపలే ఉంచుకుని, పచ్చగా పడి ఉంది.